తడి ఆకు

మల్బరీ ఆకుల మీది చినుకుల తడిని తాయమ్మ పాత చీరపేలికతో తుడుస్తోంది. తడి ఆకు మేస్తే పట్టుపురుగులకు రోగం వస్తుంది. తుడిచిన ఆకును కూతురు మునిలక్ష్మి గంపలో సర్దుతోంది.

నాలుగు నెలల కింద, కొత్త పురుగులు తెచ్చేముందు, తెగుళ్లు రాకుండా పురుగుల గదికి మందు కొట్టింది మునిలక్ష్మే. కొట్టమన్నది తాయమ్మ. ఆ వారంలోనే పిల్ల నిద్ర మానేసింది. ఉన్నట్టుండి అరిచేది. కన్నతల్లిని పట్టుకుని "నువ్వెవురు?" అంది. మందు ఘాటు తలకెక్కిందనుకుని, మజ్జిగ తాగించి, తలకు నిమ్మకాయ రుద్ది పది రోజులు పోగొట్టారు. మూర్ఛ వచ్చాకే తమ ఊరు టేకల్ నుంచి బెంగళూరు తీసుకుపోయారు. అండాశయంలో గడ్డ ఉందనీ, దాని మీదికి లేచిన, రోగాలతో పోరాడే ఒంటి కాపలాయే దారితప్పి మెదడును వాచేట్టు చేసిందనీ డాక్టరమ్మ చెప్పింది. గడ్డ తీసేశారు.

"మీరు కొట్టిన మందుకీ దీనికీ సంబంధం లేదమ్మా" అని కూడా అంది. ఆ మాట తాయమ్మకు సగమే దిగింది.

ఇంటికొచ్చిన మునిలక్ష్మి చెప్పిన పని చేస్తుంది, పెట్టింది తింటుంది. మునుపు ఆ నోటికి వీధంతా జంకేది. ఇప్పటి ఈ నెమ్మదే తల్లికి భయం.

అందుకే ఈ పొద్దు ఒక పిడికెడు ఆకు కావాలనే తుడవకుండా గంపలో వేసింది.

మునిలక్ష్మి చేయి ఆగింది.

"ఏమ్మా, తడాకు ఏసినావే! నీకేమన్నా తలకాయ చెడిందా?"

గోడకానుకుని సంగటి తింటున్న తండ్రి సొన్నప్ప చేతిలో ముద్ద అట్లే నిలిచిపోయింది. ఈ నాలుగు నెలల్లో ఆ ఇంట్లో ఎవరూ నోటికి రానీయని మాట అది.

"చూడలేదే" అంది తాయమ్మ.

"కండ్లు యాడ పెట్టినావు? ఇట్లయితే పట్టుగూళ్లు మార్కెట్టుకు కాదు, పెంటతిప్పలో పోయల్ల. నాన్నా, నీ పెండ్లానికి నువ్వన్నా చెప్పప్పా!"

"నా మాట ఎప్పుడు వినిందమ్మా, ఇప్పుడు వినేదానికి?" అన్నాడు సొన్నప్ప, ముద్ద పళ్లెంలో పెట్టేసి.

తాయమ్మ పకపకా నవ్వింది. కండ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు. "తిట్టే, ఇంగా తిట్టు!"

"తప్పు చేసి నవ్వొకటి."

మునిలక్ష్మి తడి తగిలిన ఆకంతా ఏరి పక్కన పోసింది. గంపలో మిగిలింది చాలదని చూసి, ఇంకో గంప చంకన పెట్టుకుని, ఏమీ చెప్పకుండా తోట దారి పట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె ఒంటరిగా గడప దాటడం ఇదే మొదలు.

సొన్నప్ప లేవబోయాడు. తాయమ్మ అతని భుజం పట్టి కూర్చోబెట్టింది.