ఇల్లు కావాలంటే ఇల్లుండాలి

మన లుబ్లిన్ ఊళ్ళో ఒక పాత మేడ, మూడో అంతస్తు. ఇంటి యజమానురాలు లియోకాడియా గారు గ్యాస్ పొయ్యి వెలిగించి చూపిస్తున్నారు.

"ఈ ఎడమవైపుది కాస్త మొండిది. తిప్పి పట్టుకోవాలి. కిటికీ మాత్రం గట్టిగా లాగకమ్మాయ్, ఊడి చేతికొస్తుంది."

అద్దెకు ఇల్లు చూడటానికొచ్చిన మిలెనా అన్నిటికీ తలూపింది. ఫిజియోథెరపీ చదువు ముగిసి వారమైంది. ఒకటో తారీకున ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాలి. ఆ లోపే హాస్టలు గది ఖాళీ చెయ్యాలి. జీవితంలో మొదటిసారి తాళంచెవి తన ఒక్కదాని దగ్గరే ఉండే గది ఇది. ఆమెకు ఆ మొండి పొయ్యి కూడా ముద్దొచ్చింది.

"ఇంక నోటరీ దగ్గర కాగితం ఒకటుంది," అన్నారు లియోకాడియా. "ఎప్పుడైనా నిన్ను ఖాళీ చేయిస్తే ఏ ఇంటికి వెళ్తావో రాయాలి. ఆ ఇంటివాళ్ళు సరేనని సంతకం పెట్టాలి. అమ్మానాన్నల చిరునామా ఇచ్చెయ్, పనైపోతుంది."

వినడానికి ఎంత మామూలు మాట! మన ఊళ్ళో ప్రతి వేసవిలో ఎంతోమంది పిల్లలు ఆ కాగితం రాయించుకుంటారు. అమ్మో నాన్నో సంతకం పెడతారు, అక్కడితో మరిచిపోతారు. కానీ పాఠకులారా, మిలెనా పెరిగింది అనాథాశ్రమంలో. అది చెబితే ఇల్లు చేజారుతుందని భయపడి, "తెస్తానండీ," అని మెట్లు దిగి వచ్చేసింది.

లియోకాడియా చెడ్డమనిషి కాదు. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవాడు రెండేళ్ళు అద్దె ఎగ్గొట్టి కూర్చున్నాడు. వెళ్ళడానికి వేరే చోటు లేని మనిషిని వీధిలో పెట్టలేమని కోర్టు చేతులెత్తేసింది. ఈ కాగితం ఉంటే ఆ బాధ ఉండదని ఇరుగుపొరుగు చెప్పారు. ఆమె నమ్మారు.

మిలెనా ముందుగా తాను పెరిగిన ఆశ్రమానికే వెళ్ళింది. డైరెక్టరు గారు టీ ఇచ్చి, కేకు ముక్క పెట్టి, పెద్దయిన పిల్లల కోసం సంతకం పెట్టే అధికారం తనకు లేదని చెప్పారు. అక్కణ్ణించి స్నేహితురాలు దారియా ఇంటికి వెళ్ళింది. దారియా తండ్రి కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఉత్త సంతకమే కదా నాన్నా!" అంది దారియా.

"ఉత్తదే అయితే అడగరుగా తల్లీ. రేపు నిజంగా సామానుతో వస్తే ఎక్కడ పడుకోబెడతావ్? నీ మంచం మీదా?"

మిలెనాకు కోపం కూడా రాలేదు. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? అదే ఆమెను మరింత కుంగదీసింది. ఇంకో రెండు ఇళ్ళు చూసింది. అక్కడా అదే కాగితం. ఎటు తిరిగినా గోడే. నెలాఖరుకి మూడు రోజులున్నాయనగా, చిరునామాలు అమ్మేవాడొకడు ఫోనులో దొరికాడు. సంతకంతో సహా కాగితం పంపిస్తానన్నాడు. మిలెనా సిగ్గుపడుతూనే కొనుక్కుంది.

అయితే లియోకాడియా పింఛను పుచ్చుకునేది తపాలా శాఖ నుంచి. ముప్ఫయ్యేళ్ళు సంచీ భుజాన వేసుకుని ఆ ఊరి వీధులన్నీ తిరిగిన మనిషి ఆమె. తానుంటున్న ఇంటి వంటింట్లో కూర్చుని, మిలెనా తెచ్చిన కాగితం చదవగానే కళ్ళద్దాలు తీసేశారు.

"జురావియా వీధి, పద్నాలుగా? అక్కడ ఇల్లెక్కడిదే? కార్లు కడిగే చోటది! నిన్ను ఖాళీ చేయిస్తే అక్కడికెళ్ళి ఏం చేస్తావ్, వీపు రుద్దించుకుంటావా?"

మిలెనా మొహం ఎర్రబడింది. దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది.

"నాకెవరూ లేరండీ! ఆశ్రమంలో పెరిగాను. ఉండటానికి ఇల్లు కావాలని వస్తే, ముందు నీకో ఇల్లుందని చూపించమంటున్నారు. అదే ఉంటే మీ గుమ్మం ఎందుకెక్కుతాను?" అని సంచీ తీసుకుని లేచింది.

"కూర్చో," అన్నారు లియోకాడియా.

ఆమెకు తన పాత సంచీ గుర్తొచ్చింది. 'ఈ చిరునామాలో లేరు' అని తన చేత్తోనే రాసి ఎన్ని ఉత్తరాలు వెనక్కి పంపారో లెక్కలేదు. ఇక్కడ లేకపోతే ఆ మనిషి మరెక్కడున్నట్టు అని ముప్ఫయ్యేళ్ళలో ఒక్కనాడూ అనుకోలేదు. ఇవాళ అటువంటి మనిషి తన వంటింట్లో నిలబడి ఏడుస్తోంది. ఆమెకు తన మీద తనకే సిగ్గేసింది.

మర్నాడు నోటరీ ఆఫీసులో, కుర్ర నోటరీ కాగితం చదువుతూ మధ్యలో ఆగాడు.

"అమ్మా, ఇక్కడేదో పొరపాటు జరిగింది. ఖాళీ చేయిస్తే వెళ్ళే ఇల్లు అన్నచోట మీరుంటున్న ఇంటి చిరునామా పడింది."

"నేనెక్కడుంటానో నాకు తెలుసులే బాబూ."

"అంటే… ఈవిణ్ణి మీరే వెళ్ళగొడితే, తిన్నగా మీ ఇంటికే వస్తుంది!"

"వస్తుంది. వంటింట్లో మంచం వేస్తాను. అందుకే వెళ్ళగొట్టే ముందు పదిసార్లు ఆలోచించుకుంటాను. రాయి."

నోటరీ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. మిలెనా కలం తీసుకుని, ఆ చిరునామా కిందే సంతకం పెట్టింది.

ఒక్క అమ్మాయికి చోటు దొరికింది. అంతమాత్రాన ఆ కాగితం మారలేదు. ఈ వేసవిలో కూడా అది పట్టుకుని మన మెట్లెక్కి, తల వంచుకుని దిగిపోతున్న పిల్లలున్నారు. గుమ్మంలో నిలబడిన మనిషిని "నీకెవరున్నారు?" అని అడగడం తేలికే, ఆ ఎవరో మనమే ఎందుకు కాకూడదని ముందు మనల్ని మనం అడుగుదాం.