పెద్దమ్మ వేషం

మా అమ్మాయి బడి నాటకంలో వాళ్ళ పెద్దమ్మ వేషం వేస్తానన్నప్పుడు నేను అడ్డు చెప్పలేదు. నిజం చెప్పాలంటే లోలోపల సంతోషించాను.

ఆ బడికి శనివారాలు నాటకం నేర్పే మేడమ్ ఒకావిడ వస్తుంది. ఐదో తరగతి పిల్లలందరికీ ఒకటే పని ఇచ్చింది. మీకు కోపం ఉన్న మనిషిని ఎంచుకోండి, ఆ మనిషి బతుకులో ఒక్క గంట ఆడి చూపించండి అంది.

"పెద్దమ్మ మీద నీకేం కోపమే?" అని అడిగాను.

"నీకుంది కదా. నాకూ ఉన్నట్టే," అంది మా పిచ్చుక.

ఉన్నమాటే. బావగారి కుటుంబానిదీ మాదీ ఒకే ఇల్లు, రెండు వాటాలు, మధ్యలో తలుపు. అత్తగారు ఉండేది వాళ్ళ వాటాలోనే. ఎనిమిది నెలల కిందట మా అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నేను మందుల షాపులో డ్యూటీలో ఉన్నాను. ఇంట్లో ఉన్నది తోటికోడలు ఒక్కతే. ఆవిడ వచ్చి చూసేసరికి అరగంట దాటిందట. ఆస్పత్రి వరండాలో, ఆడపడుచులందరి ముందూ, "ఇంట్లో ఉండి ఏం వెలగబెడుతున్నావు అక్కయ్యా?" అన్నాను. ఆవిడ నోరు విప్పలేదు. అప్పటినుంచి నాతో మాటల్లేవు. మాటల్లేని చోట తలుపెందుకని, గోడ కట్టేయడానికి సోమవారం మేస్త్రీని రమ్మన్నాను. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. ఆయన అలా అన్నాడంటే తనకి ఇష్టం లేదని.

పిచ్చుక నోటుపుస్తకం పట్టుకుని మూడు సాయంత్రాలు ఆ తలుపులోంచి వెళ్ళొచ్చింది.

"ఆ రోజు సంగతి అడిగావా?"

"అడిగాను."

"ఎందుకు వినపడలేదంట?"

"ఎందుకు అని అడగకూడదు. మేడమ్ ఒప్పుకోదు. ఎక్కడున్నావు, ఏం చేశావు, చేత్తో ఏం పట్టుకున్నావు, అవే అడగాలి."

"అదేం అడగడమే! పోలీసులు కూడా ఎందుకు అనే అడుగుతారు."

"ఎందుకు అంటే అందరూ సాకులు చెప్తారంట. నువ్వడిగితే నేను చెప్పనూ?"

ఆ అరగంట అక్కయ్య ఏం చేసిందో నా కూతురే నలుగురి ముందూ పెడుతుంది, పెట్టనీ అనుకున్నాను.

ప్రదర్శన రోజున అక్కయ్య కూడా వచ్చింది. నాకు రెండు వరసల ముందు కూర్చుంది. పిచ్చుకే పిలిచిందట.

పిచ్చుక ఒక్క మాటా లేకుండా ఆడింది. ఖాళీ బల్లే మంచం. దాని మీంచి లేని దుప్పటిని లాగి బకెట్లో ముంచింది. ఉతికి పిండింది. ఇంకో దుప్పటి లాగింది. రబ్బరు షీటు తుడుస్తుంటే చెయ్యి ముక్కు దాకా వెళ్ళింది. మంచం మీది మనిషి చూస్తోందని గుర్తొచ్చినట్టు దాన్ని దించేసి నవ్వింది. ఆ మనిషి ఏదో అడిగితే చెయ్యి పట్టుకుని, సరే, సరే అన్నట్టు తల ఊపింది. బకెట్ మోసుకుంటూ మెట్లెక్కి, డాబా మీద దుప్పట్లు ఆరేసి క్లిప్పులు పెట్టింది. ఉన్నట్టుండి ఏదో వినపడ్డట్టు ఆగి, కిందికి పరిగెత్తింది. అంతే.

వెనకాల ఎవరో "బట్టలుతికే నాటకమా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెద్దవాళ్ళ డైపర్లకి వచ్చేవాళ్ళు మా షాపులో గొంతు తగ్గించి, పక్కింటివాళ్ళకి అని చెప్పి మరీ అడుగుతారు. నల్ల కవర్లో చుట్టి ఇచ్చేది నేనే. ఒకే పొద్దున రెండు దుప్పట్లు, రబ్బరు షీటు ఏమిటో ఇంకొకరు నాకు చెప్పక్కర్లేదు. మా అత్తగారు తల దువ్వుకోకుండా కొడుకుల ఎదటికి కూడా రాదు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుని ఉంటుంది. ఆ మాట కోసమే అక్కయ్య ఆ వరండాలో నా చేత మాటలు పడింది.

"దుప్పట్లు ఎందుకో నీకు తెలుసా?" అని పిచ్చుకని అడిగాను.

"తెలీదు. అడగలేదుగా."

"అడక్కులే."

గేటు దగ్గర అక్కయ్యకి ఎదురెళ్ళాను. "ఆ రోజు నేనన్నది తప్పు అక్కయ్యా. ఆడపడుచులకీ ఫోన్ చేసి చెప్తాను."

"ఏమని? దుప్పట్ల సంగతా?" అంది. ఎనిమిది నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"ఛ. నాదే నోటిదురుసు అని."

"అది వాళ్ళకెప్పుడో తెలుసు."

"మేస్త్రీని రావద్దంటాను."

"అంటే అను. రేపటినుంచి పొద్దున అత్తయ్య పని నువ్వు చూడు. నేను ఏడింటిదాకా పడుకుంటాను."

"ఆవిడ నా చేత చేయించుకుంటుందా?"

"చేయించుకోదు. మొదటి వారం తిట్టిపోస్తుంది. పడు," అని పిచ్చుక చెయ్యి పట్టుకుని ముందుకి నడిచింది.