వెనక సీట్లో వదిన మెడ

ఎడమ అద్దం పోయింది ఒక బుధవారం నాడు. నేను బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే వదిన ఫోను చేసింది.

"మాస్టారూ, అద్దం పోయింది."

"ఏ అద్దం?"

"కారుది. చెవి తెగినట్టు తెగి వేలాడుతోంది. మనుషులకేం కాలేదు, కంగారు పడకండి. కానీ ఒకసారి రండి."

వదిన మా ఆవిడకి అక్క. ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగు నేర్పుతోంది. పసుపు కారు, నెత్తిన తెల్ల బోర్డు, తన కాళ్ళ దగ్గర రెండో బ్రేకు. మా పేటలో సగం మంది ఆమె చేత తిట్లు తిని లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళే. మా ఆవిడా అంతే. నేను మాత్రం నేర్చుకోలేదు. ఇరవై ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని దారి చెప్పాను, అదీ చాలాసార్లు తప్పుగా.

మా ఆవిడ పోయి అప్పటికి ఏడు నెలలు. ఆమె కారు మా షెడ్డులో ఉంది. ఎప్పుడూ ముక్కు లోపలికి పెట్టి ఆపేది. "వెనక్కి తియ్యడం రేపటి పని, ఇవాళ ఎందుకు?" అనేది. ప్రతి ఆదివారం వదిన వచ్చి, షెడ్డు తలుపులు బార్లా తీసి, బ్యాటరీ చావకుండా ఇంజను తిప్పి వెళ్తుంది. బయటికి తీసేస్తానని రెండు సార్లు అంది. వద్దన్నాను. నేర్చుకుని నేనే తీస్తానన్నాను. ఆ మాట అన్నంత సులువుగా పాఠం మొదలుకాలేదు.

నేను వెళ్ళేసరికి పసుపు కారు ఒక గోదాము గేటు దగ్గర అడ్డంగా ఉంది. ఎడమ పక్కన రాతి స్తంభం. నేర్చుకుంటున్నది బేకరీ ఆవిడ. ఇంజను ఆగి పావుగంటైనా స్టీరింగు వదల్లేదు.

"వదిలెయ్యమ్మా, అది ఎక్కడికీ పారిపోదు," అంది వదిన.

"మీరే కదా మేడమ్, వెనక్కి రా రా అన్నారు. నేను వచ్చాను."

వదిన మామూలుగా అయితే ఈ మాటకి నాలుగు అంటించేది. ఆ రోజు ఊరుకుంది. వేలాడుతున్న అద్దాన్ని కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వాళ్ళింటికి వెళ్ళాక అడిగాను.

"స్తంభం కనబడలేదా వదినా?"

"అద్దంలో కనబడలేదు."

"మెడ తిప్పి చూడలేదా?"

ఇది ఆమె మాటే. మొదటి రోజు ప్రతి ఒక్కరికీ చెప్పే పాఠం అదే. అద్దం సగమే చెబుతుంది, మిగతా సగం నీ మెడ చెప్పాలి.

వదిన నా ముందు నిలబడి మెడ కుడికి తిప్పింది. బాగానే తిరిగింది. ఎడమకి తిప్పింది. ముక్కు భుజం దాకా కూడా పోలేదు. తుప్పు పట్టిన కుళాయిలా మధ్యలో ఆగిపోయింది. అక్కడి నుంచి నడుముతో సహా మనిషంతా తిరిగింది.

"నాలుగు నెలలైంది. ఎక్స్‌రే ఫిల్మ్ కూడా తీయించాను. ఎముకకి ముళ్ళు మొలిచాయట. ఏ చెట్టుకో మొలిస్తే అర్థం ఉంది గానీ, మెడకి ముళ్ళేమిటి మాస్టారూ?"

"మందేదైనా వాడుతున్నారా?"

బల్ల మీద సంచి బోర్లించింది. మూడు రకాల నూనెలు, ముళ్ళు కరిగిస్తుందని ఎవరో ఇచ్చిన పొడి, ఇసక నింపిన గుడ్డ మూట. క్షౌరం చేసే ఆయన ఒక్క విరుపుతో మెడ సరిచేస్తానన్నాడట. "అది మాత్రం వద్దన్నాను. ఆ విరుపులో నేనే పోతే ఆయన కత్తెర కూడా ఆపడు."

నవ్వింది కానీ, సంచి అడుగున మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టేటప్పుడు నవ్వు లేదు. డ్రైవింగు నేర్పేవాళ్ళు ఐదేళ్ళకోసారి తెచ్చుకోవాల్సిన ఆరోగ్య పత్రం అది. మూడో వరసలో ఉంది: మెడ ఇరువైపులా తిరుగుతున్నదా? గడువు రెండు నెలలు.

"ఇది రాకపోతే నేనేం చెయ్యాలి? ఇంట్లో కూర్చుని ఎవర్ని తిట్టను?"

జవాబు కూడా ఆమే చెప్పింది.

"ఆలోచించాను. మీకు ఎలాగూ సెలవులొస్తున్నాయి. వెనక సీట్లో కూర్చోండి. ఎడమ పక్క ఏముందో చెబుతుండండి. కొన్నాళ్ళు నా మెడ మీరే."

"డాక్టరు దగ్గరికి వస్తానంటే ఉంటాను."

"బేరం పెడుతున్నారా?"

"అవును."

అలా నేను మెడనయ్యాను. పది రోజులు పసుపు కారు వెనక సీట్లో ఎడమ కిటికీకి అతుక్కుని కూర్చున్నాను. "ఎడమ సైకిలు", "ఎడమ కుక్క", "ఎడమ ఏమీ లేదు" అనడం నా ఉద్యోగం. బేకరీ ఆవిడ నన్ను పరీక్ష పెట్టడానికి వచ్చిన ఆఫీసరనుకుంది. మొదటి రోజు దిగేటప్పుడు రొట్టె పొట్లం నా చేతిలో పెట్టి, "కొంచెం చూసి వెయ్యండి సార్, మార్కులు," అంది.

"ఆయన నా మరిదమ్మా," అంది వదిన.

"అయితే రొట్టె ఇటివ్వండి," అంది ఆవిడ. ఇవ్వలేదనుకోండి.

వెనక సీట్లో కూర్చుంటే ముందు సీట్లోవాళ్ళు కనబడతారు. వదిన నీళ్ళ సీసా మూత పళ్ళతో తిప్పుతోంది. ఎడమ చేతి వేళ్ళు ఊరికే తెరిచి మూస్తోంది. ఒక మధ్యాహ్నం తాళాలు మూడు సార్లు జారిపోయాయి. మూడోసారి తాళాల్నే తిట్టింది.

ఎముకల డాక్టరమ్మ గదిలో గోడకి దీపపు పెట్టె ఉంది. ఫిల్మ్ దానికి తగిలించి పెన్నుతో చూపించింది. వెన్నుపూసల అంచులు కొసలు సాగి ఉన్నాయి, అరిగిన సుద్దముక్క మూల విరిగి మొన తేలినట్టు.

"ఇవి కరుగుతాయా అమ్మా?" అంది వదిన.

"కరగవు. నూనెకీ కరగవు, పొడికీ కరగవు. మీ వయసులో ఎవరికి ఫిల్మ్ తీసినా సగం మందికి ఉంటాయి. వాళ్ళలో చాలామందికి ఉన్నట్టే తెలీదు. ముల్లు ఉండటం కాదు, అది నరం దారికి అడ్డం వస్తోందా అన్నదే లెక్క."

"వస్తే కోసేస్తారా?"

"అంత తొందరేం? చాలామందికి వ్యాయామం, వేడి కాపడం, కొన్నాళ్ళు నొప్పి మాత్రలు చాలు. మెడపట్టీ ఇస్తాను, రెండు మూడు రోజులకి మించి వద్దు. ఎక్కువ పెడితే కండకి బద్ధకం వస్తుంది. అప్పటికీ చేతిలోకి గుంజుడు తగ్గకపోతే నరం పక్కన ఇంజెక్షన్. అది వాపు తగ్గిస్తుంది, ముల్లుని కాదు. ఆపరేషన్ ఎప్పుడంటే, చెయ్యి బలం తగ్గిపోతున్నా, నడక తడబడుతున్నా. అప్పుడు మాత్రం ఆలస్యం చెయ్యకూడదు." డాక్టరమ్మ కలం పట్టుకుంది. "చేతిలోంచి వస్తువులు జారుతున్నాయా?"

"లేదు," అంది వదిన.

"బొత్తాలు పెట్టుకోవడం, మూతలు తియ్యడం?"

"అన్నీ చేసుకుంటున్నాను. ఏదో కొంచెం తిమ్మిరి. అలసట."

డాక్టరమ్మ రాసుకోవడం మొదలుపెట్టింది. నేను ఇలాంటి గదిలో, ఇలాంటి కుర్చీలోనే, ఇంతకు ముందు ఒకసారి కూర్చున్నాను. అప్పుడు మా ఆవిడ తలనొప్పిని అలసట అంది. కాదని నాకు తెలుసు. రాత్రుళ్ళు ఆమె గోడ పట్టుకుని నడవడం చూశాను. ఆమె మాటకి అడ్డు వెళ్ళడం మర్యాద కాదనుకుని ఊరుకున్నాను.

"మొన్న తాళాలు మూడు సార్లు పడ్డాయి," అన్నాను. "సీసా మూత పళ్ళతో తీస్తున్నారు."

వదిన నా వైపు తిరగబోయింది. నేను ఆమెకి ఎడమ పక్కన ఉన్నాను కాబట్టి తిరగలేకపోయింది. లేకపోతే ఆ చూపుకి నేను మాడి మసైపోయేవాణ్ణి.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. వదినని తన వేళ్ళు గట్టిగా పట్టుకోమంది, ముందు కుడి చేత్తో, తరవాత ఎడమ చేత్తో. మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టింది. గీత మీద అడుగులో అడుగు వేయించి నడిపించింది. లోపలి నరాలు కనబడే స్కాను తీయించమంది. అది చూసేదాకా కారు ఎక్కొద్దంది.

ఇంటికి బస్సులో వచ్చాం.  ఐదో స్టాపు దగ్గర వదిన అంది.

"పక్కలో బల్లెం అంటే ఏమిటో అనుకున్నాను. వెనక సీట్లో కూడా ఉంటుందన్నమాట."

"అవును వదినా."

"నా పొట్ట మీద కొట్టారు."

"తెలుసు."

బస్సు ఒక మలుపు తిరిగింది. ఆమె కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "చిన్నది కూడా ఇలాగే చెప్పిందా? డాక్టరుకి?"

చిన్నది అంటే మా ఆవిడ. "ఇలాగే. ఇదే మాట. అలసట."

"మీరు?"

"నేనేం మాట్లాడలేదు."

వదిన దిగేముందు ఒళ్ళోని సంచి నా చేతికిచ్చింది. "భుజం లాగుతోంది. పట్టుకోండి." అంతవరకూ ఆమె ఎవరి చేతికీ సంచి ఇవ్వడం నేను చూడలేదు.

స్కానులో అసలు వెన్నుపాముకి ఏమీ లేదని తేలింది. ఎడమ పక్క ఒక్క నరానికే దారి ఇరుకైంది. చేతి బలం కొంచెం తగ్గింది గానీ పడిపోలేదు. ఆరు వారాలు వ్యాయామం చేసి చూద్దాం, మధ్యలో పట్టు ఇంకా తగ్గితే ఆ రోజే రావాలి అంది డాక్టరమ్మ. పాఠాలు బందు.

ఆ ఆరు వారాలు ఊరికి కష్టకాలం. కారు లేని వదిన బస్సులెక్కి డ్రైవర్లకి పాఠాలు చెప్పింది. "హారన్ తగ్గించి బ్రేకు పెంచు నాయనా," అంటే ఒకతను బస్సాపి, "అమ్మా, నీ దగ్గరే నేర్చుకున్నాను, ఇంకా వదలవా?" అన్నాడు. వ్యాయామం నేర్పే అమ్మాయి గడ్డం లోపలికి లాక్కుని పది అంకెలు లెక్కపెట్టమంది. వదిన ఎక్కడ నిలబడితే అక్కడ గడ్డం లాక్కునేది. బేకరీలో రొట్టెల కోసం నిలబడ్డప్పుడు కూడా. తనని చూసే అలా మొహం పెడుతోందనుకుని బేకరీ ఆవిడ, "ఆ అద్దం సంగతి ఇంకా మర్చిపోలేదా మేడమ్?" అంది.

మూడో వారంలో నొప్పి తగ్గక ఇంజెక్షన్ కూడా చేయించుకుంది. చిన్న పని కాదు, తెర మీద చూసుకుంటూ సూది పెట్టారు. బయటికి వచ్చి, "నేను రివర్సు నేర్పేదానికన్నా మెల్లగా చేశారు. మంచివాళ్ళు," అంది. నాలుగో వారానికి వేళ్ళ తిమ్మిరి తగ్గింది. ఆరో వారానికి సీసా మూత చేత్తో తీసి నాకు చూపించి, మళ్ళీ బిగించి, మళ్ళీ తీసింది.

ఆరోగ్య పత్రం ఇచ్చే ఆయన ముందు మెడ కుడికి పూర్తిగా, ఎడమకి ముప్పాతిక తిరిగింది. అబద్ధం చెప్పలేదు. ఫిల్మ్, స్కాను, చీటీలు అన్నీ బల్ల మీద పెట్టింది. ఆయన ఐదేళ్ళకి కాకుండా ఆరు నెలలకి రాసిచ్చాడు. బలం మళ్ళీ తగ్గితే ఆపరేషన్ మాట ఎత్తాల్సిందే. ఆ సంగతి వదినకి తెలుసు. "ఆరు నెలల్లో ఎంత మందిని తిట్టచ్చో తెలుసా మాస్టారూ?" అంది.

మర్నాడు ఆదివారం. వదిన వచ్చి షెడ్డు తలుపులు తీసింది. ఎప్పటిలా స్టీరింగు దగ్గర కూర్చోకుండా అటు తిరిగి వెళ్ళి ఎడమ సీట్లో కూర్చుంది. "రండి. ఇవాళ మీ పాఠం."

నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. మోకాళ్ళు స్టీరింగుకి ఆనాయి. అక్కాచెల్లెళ్ళది ఒకే ఎత్తు. ఇన్ని ఆదివారాలు వదిన కూర్చున్నా ఆ సీటు జరపాల్సిన అవసరం రాలేదు. మా ఆవిడ ఎక్కడ ఆపిందో అక్కడే ఉంది.

"కింద మీట ఉంటుంది. లాగి వెనక్కి నెట్టండి," అంది వదిన.

మీట మీద చెయ్యి పెట్టాను. లోహం చల్లగా ఉంది. లాగలేదు.

వదిన మామూలుగా పది అంకెలు లెక్కపెట్టేలోపు తిడుతుంది. ఆ రోజు తిట్టలేదు. మెడ ఎడమకి తిప్పి, వీలైనంత దూరం వెనక్కి చూసింది.

"ఎడమ ఏమీ లేదు," అంది. "దారి ఖాళీగానే ఉంది. ఎప్పుడైనా సరే."

ఇంజను పది నిమిషాలు తిరిగాక ఆపేశాం. ఇప్పటికి ఇంకో మూడు ఆదివారాలు గడిచాయి. సీటు జరపాలి. తరవాత కారు వెనక్కి తియ్యాలి. రెండూ ఇంకా చెయ్యలేదు.