పక్క సీటు బ్రేకు

డ్రైవింగు నేర్పే మాస్టారి కారు అరుస్తోందని పేటలో అందరికీ తెలుసు, మాస్టారికి తప్ప. తెలియకేం, ఆయనకీ తెలుసు. తెలియనట్టు ఉండటంలో ఆయన్ను మించినవాళ్ళు లేరు, అంతే. మొదట్లో కీచుమనేది. నేర్చుకునేవాళ్ళు ఉలిక్కిపడి "ఏంటి సార్ ఆ చప్పుడు" అంటే, "నువ్వు రోడ్డు చూడు, చప్పుడు సంగతి నేను చూసుకుంటా" అనేవాడు. కొన్నాళ్ళకి ఆ కీచు పోయింది. హమ్మయ్య, దానంతటదే తగ్గింది అనుకున్నాడు. వారం తిరక్కుండా దాని చోట గరగర మొదలైంది. రోట్లో రాళ్ళు వేసి రుబ్బుతున్నట్టు కింద నుంచి ఒకటే మోత. అరికాళ్ళకి కూడా తగిలేది.

బండి చెడితే షెడ్డుకి తీసుకెళ్ళాలని మాస్టారికి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ బండి కొన్న దగ్గర్నుంచీ ఒక్క షెడ్డు గడపే తొక్కింది. అది ఆయన బామ్మర్దిది. ఆ బామ్మర్ది ఇంట్లో, మేడ మీద గదిలో ఇప్పుడు మాస్టారి భార్య ఉంటోంది. అదీ చిక్కు.

పోనీ గొడవ పడి వెళ్ళిందా అంటే అదీ లేదు. గొడవైతే సర్దిచెప్పడానికి పదిమంది తయారయ్యేవాళ్ళు. ఒక పొద్దున బట్టలు సర్దుకుని, "కొన్నాళ్ళు తమ్ముడి దగ్గర ఉంటానండీ" అంది. "సరే, బస్సు పూర్తిగా ఆగాకే దిగు" అన్నాడు ఈయన. ఆ కొన్నాళ్ళు వానలు దాటి, చలి దాటి, ఎండల్లోకి వచ్చాయి. ఎందుకు వెళ్ళిందో మాస్టారికి అంతుపట్టలేదు. తాను తాగడు, తిరగడు, చెయ్యెత్తడు. ఇంకేం కావాలి మనిషికి అని గోడల్ని అడిగేవాడు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా కారులో పక్క సీట్లో కూర్చుని "క్లచ్చు... మెల్లిగా... అద్దం చూడు... ఆగాగు" అంటూనే ఉంటాడు. శిష్యులు వెనకాల "ఆగాగు మాస్టారు" అని పేరు కూడా పెట్టారు. అంత వాగిన నోరు ఇంటి తాళం తియ్యగానే మూతపడేది. టీవీ పెడితే అందులోవాళ్ళు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకునేవాళ్ళు. కుక్కరు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, విజిల్ వేస్తే ఎవరో పిలిచినట్టు ఉంటుందని. ఒక్కడికి ఎంత వండాలో ఇప్పటికీ చేతికి రాలేదు. మిగిలింది మర్నాడు తినేవాడు, అందులోనూ కొంత మిగిలేది. దిగులు అనండి, ఒంటరితనం అనండి, ఆయన్ని పట్టి పీడిస్తున్నది అదే.

ఆవిడకి చెప్పాల్సింది తయారుగానే ఉంది. "ఇంటికి రా." రెండే మాటలు. గడ్డం గీసుకుంటూ అద్దంలో చెప్పుకునేవాడు, బాగానే వచ్చేవి. ఫోను చేస్తే మాత్రం ఆవిడ "బీపీ బిళ్ళ వేసుకున్నారా" అంటుంది, ఈయన "వేసుకున్నా" అంటాడు, అక్కడికి మాటలు అయిపోతాయి. ఎదురుగా నిలబడి చెబితేనే పని జరుగుతుందని ఆయనకి తెలుసు. ఆ నిలబడటానికే ముఖం చెల్లక ఇన్నాళ్ళూ షెడ్డు వైపు పోలేదు.

చివరికి నర్సుగా పనిచేసే ఒక శిష్యురాలు, "సార్, ఈ బండి నన్ను తీసుకెళ్ళి మా ఆసుపత్రిలోనే పడేసేలా ఉంది, బాగు చేయించాకే వస్తాను" అని దిగి వెళ్ళిపోయింది. ఇక తప్పదు కదా అని తనకి తానే చెప్పుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మాస్టారు షెడ్డుకి బయల్దేరాడు. బ్రేకు బాగు చేయించడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని అడక్కండి.

బామ్మర్ది ఒక వ్యాను కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "ఏంటి బావా, దారి తప్పావా" అన్నాడు.

"బండి చప్పుడు చేస్తోంది."

"అది నువ్వు సందు మలుపు తిరిగినప్పుడే విన్నాను. ముందు కీచుమందా?"

"కొన్నాళ్ళు."

"ఆ కీచు ఎవరనుకున్నావు? బ్రేకు ప్యాడుకి చిన్న రేకు ముక్క ఉంటుంది. అరిగిపోతున్నాను నాయనా, చూడండి అని అది మొత్తుకోవడం. అప్పుడు రాలేదు. ప్యాడు మొత్తం అరిగి, వెనకున్న ఇనప పలక వెళ్ళి చక్రం లోపలి డిస్కుని కొరుకుతుంటే ఇప్పుడు వచ్చావు."

"పని ఒత్తిడి."

"అవునవును. మా ఇంటికి రావడానికి కూడా అదే ఒత్తిడి."

బామ్మర్ది ఆ మాట అక్కడితో వదిలేసి బండి చుట్టూ తిరిగాడు. "అక్క వచ్చే ముందే కదా కొత్త ప్యాడ్లు వేశాను. నేర్పే బండి అయినా ఇంత తొందరగా పోకూడదే."

"ఈ కాలం పిల్లలు" అన్నాడు మాస్టారు. "చీమ కనిపిస్తే బ్రేకు, నీడ కనిపిస్తే బ్రేకు. తొక్కి చంపుతున్నారు."

"సరే, పద. ఒకసారి విందాం."

షెడ్డు వెనక తిన్నని సందు ఒకటి ఉంది, జనం తిరగరు. బామ్మర్ది స్టీరింగు ముందు కూర్చున్నాడు. మాస్టారు అలవాటు కొద్దీ పక్క సీట్లో కూర్చున్నాడు. నేర్పే బండి కాబట్టి ఆ పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాన్ని తొక్కితే అసలు బ్రేకే పడుతుంది. బండి కదిలిందో లేదో గరగర మొదలై సందు చివరిదాకా ఆగలేదు. "వింటున్నావా" అన్నాడు మాస్టారు. "వింటున్నా" అన్నాడు బామ్మర్ది. తిరిగి వచ్చేటప్పుడు కూడా అదే మోత.

"ఇప్పుడు నువ్వు దిగు బావా."

"ఎందుకు?"

"దిగు, చెప్తా."

మాస్టారు దిగి గోడ పక్కన నిలబడ్డాడు. బామ్మర్ది ఒక్కడే వెళ్ళాడు. బండి చడీచప్పుడు లేకుండా సందు చివరిదాకా పోయి, అక్కడ ఆగినప్పుడు మాత్రం ఒకసారి గర్రుమంది. వచ్చేటప్పుడూ అంతే, ఆగేటప్పుడు ఒకసారి. మాస్టారి ముఖం విప్పారింది. "తగ్గిందే" అన్నాడు.

బామ్మర్ది ఇంజను ఆపాడు. "బావా, ఇందాక నేను ఆగేటప్పుడు తప్ప బ్రేకు ముట్టుకోలేదు. నువ్వు కూర్చుంటే దారి పొడుగునా అరిచింది. నువ్వు దిగితే ఆగినప్పుడే అరిచింది."

"అంటే?"

"అంటే నీ కాలు."

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, కాలు ఎక్కడ పెట్టాలో తెలియనివాణ్ణా అన్నాడు. అవసరమైతేనే తొక్కుతాను అన్నాడు. బామ్మర్ది వాదించలేదు. ఆయన్ని మళ్ళీ పక్క సీట్లో కూర్చోబెట్టి, తలుపు తెరిచి ఉంచి, తాను కింద గొంతుక్కూర్చున్నాడు. "ఆ నర్సు గారు ఎలా నడుపుతారో చెప్పు" అన్నాడు. మాస్టారు చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ మలుపు ఎలా తిరుగుతుందో, ఎదురుగా లారీ వస్తే ఎలా బిగుసుకుపోతుందో చెబుతూ చెబుతూ కిందికి చూశాడు. ఆయన బూటు పెడలు మీద ఉంది. పెడలు వేలెడంత లోపలికి పోయి ఉంది. ఎదురుగా లారీ లేదు, నర్సు లేదు, బండి ఆగి ఉంది. ఎవరి కాలో చూసినట్టు చూశాడు దాన్ని.

చక్రాలు విప్పాక ఇంకేం మిగల్లేదు. రెండు వైపులా ప్యాడ్లు సమానంగా అరిగిపోయి ఉన్నాయి. డిస్కులు చాళ్ళు పడి, వేడికి నీలంగా కమిలి ఉన్నాయి. "ఒక వైపే అరిగితే పార్టు తప్పు అనేవాణ్ణి" అన్నాడు బామ్మర్ది మెత్తగా. "ఇది రోజంతా కొంచెం కొంచెం తొక్కి ఉంచితే వచ్చేది. పాపం ఆ పిల్లల తప్పేం లేదు. బండి ముందుకు లాగుతుంటే వెనక్కి పట్టుకున్నది నువ్వే."

మాస్టారు ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. "మీ అక్క కూడా... అందుకేనా?"

"నాకు బ్రేకులు తెలుసు బావా" అన్నాడు బామ్మర్ది. "అక్క సంగతి అక్కని అడుగు. క్యారియరు పట్టుకుని వస్తుంది ఇప్పుడు. డిస్కులు సాపు చేయించడానికి లేతుకి పంపాలి, బండి రేపటికి గానీ రాదు. నిన్ను ఇంటి దగ్గర దింపమంటాను."

"బస్సులోనా?"

"కార్లో. తనే నడుపుతోంది."

మాస్టారు నవ్వబోయాడు. ఆవిడకి డ్రైవింగు రాదన్న సంగతి ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు? పేటలో సగం మంది ఆడవాళ్ళకి నేర్పిన మనిషి, పెళ్ళైన కొత్తలో భార్యకి కూడా నేర్పబోయాడు. వీధి చివరిదాకా వెళ్ళేలోపు ఎన్నిసార్లు ఆపేవాడో లెక్కే లేదు. "నీకు రాదులే, నేనున్నాను కదా" అన్నాడు ఒకరోజు. ఆవిడ సరే అని దిగిపోయింది. మళ్ళీ అడగలేదు.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. నా డొక్కు బండిలో పక్కన కూర్చున్నానంతే. సగం రోజులు నిద్రపోయాను కూడా."

కాసేపటికి ఆ డొక్కు బండి గేటులోంచి లోపలికి వచ్చింది. దారికి అడ్డంగా ఉన్న ఆయిలు పీపాని తప్పించుకుని, రెండు వ్యాన్ల మధ్య ఉన్న కాస్త సందులోకి వెనక్కి వచ్చి నిలబడింది. ఈలోపు మాస్టారి పెదాలు "ఆగాగు" అని రెండుసార్లు కదిలాయి, చప్పుడు మాత్రం రానివ్వలేదు. ఆవిడ దిగి ఆయన్ని చూసింది. మనిషి కొంచెం నల్లబడింది. నడకలో ఏదో తేలిక వచ్చింది.

"బాగున్నారా?"

"బాగున్నా."

"చిక్కిపోయారు" అంది, తమ్ముడికి క్యారియరు అందిస్తూ. తమ్ముడు చెవిలో ఏదో చెప్పాడు. "రండి, దింపుతాను" అంది.

మాస్టారు పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. నోరు కట్టేసుకుని కూర్చోవాలి, ఇల్లు వచ్చేలోపు ఆ రెండు మాటలు చెప్పాలి అని గట్టిగా అనుకున్నాడు. రోడ్డెక్కగానే ఒక తోపుడు బండి అడ్డంగా వచ్చింది. లేని బ్రేకు కోసం ఆయన కాలు కింది రబ్బరు పట్టా మీద టప్పుమని పడింది. ఆవిడ అప్పటికే నెమ్మది చేసి పక్కనుంచి తీసింది.

"అక్కడేం లేదండీ" అంది, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

"అలవాటు."

"తెలుసు."

చాలా బాగా నడుపుతోంది. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఇంత మెత్తగా గేరు మార్చేవాళ్ళు ఒక్కరు లేరు. ఆ మాట అనాలని మాస్టారికి నిజంగానే అనిపించింది. గొంతు సవరించుకున్నాడు. "మూడో గేరు వెయ్యచ్చు ఇక్కడ" అన్నాడు. ఆవిడ వేసింది. నాలుక కోసేసుకుంటే బాగుండుననిపించింది ఆయనకి.

"వండుకుంటున్నారా?"

"ఏదో."

"ఒక్కరికి ఎక్కువే అవుతుంది కదా. నేనూ మొదట్లో ఎక్కువ వండేశాను" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మాస్టారు ఏదో ఒకటి జవాబు చెప్పగలిగేవాడు.

"పాలబూతు దగ్గర తిప్పాలి" అన్నాడు.

"తెలుసండీ. పాతికేళ్ళు ఉన్నాను కదా ఇక్కడ."

ఇంటి ముందు బండి ఆగింది. ఇంజను నడుస్తూనే ఉంది. ఆవిడ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని గేటు వైపు, గేటు లోపల ఎండిపోయిన కుండీల వైపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి, ఏమీ అనకుండా ఆగింది. తొందరేం పడలేదు. ఇంత వీలు మళ్ళీ దొరకదని మాస్టారికి తెలుసు. నోరు తెరిచాడు.

"హ్యాండ్‌బ్రేకు వెయ్యి" అన్నాడు. "ఇక్కడ వాలు ఉంది."

ఆవిడ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. చిన్నగా నవ్వింది కూడా, అలిసిపోయిన నవ్వు.

"అది దిగేవాళ్ళు కదండీ వేసుకునేది" అంది. "నేను దిగట్లేదు."

మాస్టారు దిగి తలుపు వేశాడు. సరిగ్గా పడలేదేమోనని మళ్ళీ తీసి వేశాడు. ఆవిడ అద్దం చూసుకుని, ఇండికేటరు వేసి, బండిని మెల్లిగా పోనిచ్చింది. ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. వీధి చివర బండి వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. మాస్టారు గేటు వదిలి గబగబా నాలుగు అడుగులు ముందుకు వేశాడు. అక్కడ మలుపు ఉంది, దానికోసం వేసింది బ్రేకు.