నిలువుటద్దం ముందు సావధాన్

నేను ఒక నిలువుటద్దాన్ని. మనిషంత ఎత్తు, టేకు చట్రం, దానికి తగ్గ కాస్త గర్వం. రాజమండ్రిలో ఒక గాజు దుకాణంలో నన్ను కోసి, అంచులు నున్నగా అరగదీసి, వెనక పూత పూశారు. ఉన్నది ఉన్నట్టు చూపించడం తప్ప నాకు వేరే పని చేతకాదు. మనుషులకేమో ఉన్నది ఉన్నట్టు నిలబడటం చేతకాదు.

మొదట నన్ను తాడేపల్లిగూడెంలో ఒక రెడీమేడ్ బట్టల షాపువాళ్లు కొని, బట్టలు వేసి చూసుకునే గదిలో బిగించారు. గడియ పడగానే ఎవరైనా చేసే మొదటి పని బట్టలు మార్చుకోవడం అనుకుంటున్నారా? కాదు, పొట్ట లోపలికి పీల్చడం. లాయరు గారు, పెళ్లికొడుకు, పెళ్లికొడుకు మేనమామ, అందరిదీ అదే వరస. ఊపిరి బిగబట్టి, ఛాతీ పొంగించి, ప్యాంటు సరిపోయిందని సంబరపడి కొనుక్కుపోయేవారు. మర్నాడొచ్చి కొలతలు తప్పాయని షాపువాడితో పోట్లాడేవారు.

ఆ షాపు మూతపడ్డాక ఫిజియోథెరపిస్టు హైమ గారు నన్ను కొని తన క్లినిక్ గోడకు ఆనించారు. ఎవరొచ్చినా ఆవిడ నాకెదురుగా కాకుండా పక్కకు తిరిగి నిలబడమంటారు. మనిషి నిలబడే తీరు పక్కనుంచే బాగా తెలుస్తుందట.

అక్కడికి ఒక సాయంత్రం భానురేఖ గారు వచ్చారు. ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామం టీచరు. పిల్లలు ఆవిణ్ణి చాటుగా 'సావధాన్ మేడం' అంటారట. ఆవిడ నిలబడ్డ తీరు చూసి నేనే సర్దుకు నిలబడబోయాను. ఛాతీ ముందుకు, పక్కటెముకలు పైకి, పొట్ట వెన్నుకు అంటుకునేంత లోపలికి, మోకాళ్లు కర్రల్లా బిగుసుకుని.

"చెప్పుకోడానికి సిగ్గుగా ఉందండీ. రెండో కాన్పయిన కాణ్ణుంచి గెంతినా, తుమ్మినా ఒంటేలు చుక్కలుగా పడిపోతోందండీ. ఎండలో మంచినీళ్లు తాగడం కూడా మానేశా. పిల్లలకి తాడాట నేర్పాలంటే కుర్చీలో కూచుని 'గెంతండే' అంటున్నా. ఇంక గ్రౌండు వదిలేసి లైబ్రరీ చూసుకుంటానని హెడ్మాస్టరు గారికి చెప్పేద్దామనుకుంటున్నానండీ."

చివరి మాట దగ్గర ఆవిడ తల దించుకున్నారు. ఛాతీ మాత్రం దిగలేదు. నాకు జాలేసింది.

"వ్యాయామం ఏదైనా చేస్తున్నారా మేడం?" అని హైమ గారు అడిగారు.

"చెయ్యకేమండీ! కింద బిగించి పట్టాలని మా స్టాఫ్‌రూంలో చెప్పారు. ప్రార్థన నుంచి ఆఖరి బెల్లు దాకా బిగించే ఉంటున్నా."

హైమ గారు నవ్వాపుకోలేకపోయారు. "రోజంతా గుప్పిట బిగించుకునుంటే, చెంబందిస్తే ఏ చేత్తో పట్టుకుంటారండీ? కటి ఎముకల అడుగున కండరాలు ఉట్టిలా ఉంటాయి. ఊపిరి పీలిస్తే కాస్త దిగాలి, వదిలితే లేవాలి. మీరు కదలనిస్తేగా? పైగా టూత్‌పేస్టుని నడుం దగ్గర నొక్కినట్టు పొట్ట నొక్కేస్తున్నారు. ఆ ఒత్తిడంతా ఉట్టి మీదే పడుతోంది. అది సరేగానీ, పిల్లలకి సావధాన్ తర్వాత ఏం చెబుతారు?"

"విశ్రామ్."

"మీకెవరూ చెప్పలేదా?"

భానురేఖ గారు బిగుసుకున్న తన మోకాళ్లకేసి చూసుకుని "లేదండీ" అన్నారు మెల్లగా.

ఆ రోజు నుంచి పాఠాలు మొదలయ్యాయి. పక్కటెముకలు కటికి సరిగ్గా పైన ఉండేలా దించుకోవడం, మోకాళ్లు సడలించడం, బరువు పాదమంతా పడేలా నిలబడటం, లేచేటప్పుడు ఊపిరి వదలడం, అన్నీ వచ్చాయి. పొట్ట వదలడం మాత్రం రాలేదు. వదులుతారు, నావైపు ఓరగా చూస్తారు, మళ్లీ పీల్చేస్తారు. విసిగిపోయిన హైమ గారు నా మీద దుప్పటి కప్పేశారు. అద్దానికి ఇంతకంటే తలవంపులేముంటాయి? కానీ ఆ దుప్పటి చాటున భానురేఖ గారి ఊపిరి నింపాదిగా ఆడటం విన్నాను. నా పరువు పోతే పోయిందిలే అనుకున్నాను.

నెలలు గడిచాయి, దుప్పటి తీసేశారు. ఒక రోజు భానురేఖ గారు బడి నుంచి తాడు పట్టుకొచ్చారు.

"ఇక్కడే గెంతి చూస్తానండీ. ఏమన్నా అయితే మీరొక్కరే చూస్తారు."

కళ్లు గట్టిగా మూసుకుని, ఊపిరి వదులుతూ ఒక్క గెంతు గెంతి ఆగిపోయారు. ఆవిడ ముఖంలో భయం నాకు ఎదురుగా కనిపించింది. మళ్లీ గెంతారు. ఇంకోసారి. తర్వాత బడిపిల్లలా వరసపెట్టి గెంతుతూనే ఉన్నారు. జడ ఎగురుతోంది, పొట్ట ఊగుతోంది, ఆవిడకు ఆ ధ్యాసే లేదు. ఇంతలో తాడు కొయ్యపిడి చేయిజారి సూటిగా వచ్చి నాకు తగిలింది. పైనుంచి కిందదాకా పగిలాను.

"అయ్యో, పగిలిందండీ!" అన్నారు హైమ గారు.

"పడలేదండీ!" అని భానురేఖ గారు అరిచారు.

"అద్దం సంగతండీ నేను చెప్పేది!"

"చుక్క కూడా పడలేదండీ!" అంటూ ఆవిడ గోడ పట్టుకుని, వంగిపోయి, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వారు. అంత నవ్వినా పడలేదు.

పగిలిన అద్దం ఉంచుకోకూడదని నన్ను పాతసామాన్ల కొట్టుకు పంపేశారు. ఇక్కడ తుప్పుపట్టిన కూలర్లూ, విరిగిన కుర్చీలూ ఎవరి చేతిలో ఎలా నాశనమయ్యాయో చెప్పుకుని ఏడుస్తుంటాయి. నన్నడిగితే మాత్రం, ఒక టీచరమ్మ హాయిగా గెంతి నన్ను పగలగొట్టిందని చెప్తాను.