అత్తగారి నెత్తిన సబ్బు

టర్కీ కొండల్లోని ఎర్జురుంలో చలికాలం గట్టెక్కాలంటే మనిషికి రెండు కావాలి. ఒకటి గ్యాస్ బాయిలర్. రెండోది మంచి వంట. ఫెయ్యాజ్‌కి మొదటిది గోడకే ఉంది. రెండోది అత్తగారి చేతిలో ఉంది.

భార్య నూర్జిహాన్ మంచిదే. ఆ మాట ఫెయ్యాజ్ పదిమందిలో కూడా చెబుతాడు. వంట సంగతి మాత్రం ఎవరూ అడక్కుండా చూసుకుంటాడు. ఆవిడ కాచిన ఎర్ర పప్పు సూపు చల్లారితే దాంతో కిటికీ సందులు పూడ్చుకోవచ్చు. అది ఆవిడకీ తెలుసు. అందుకే మొగుడూ పెళ్ళాం ఒక్క మాట మీద ఉన్నారు. ఈ చలికాలం అమ్మ ఇక్కడే ఉండాలి.

అయితే పెద్దల్లుడు బహత్తిన్ కూడా కాచుకుని ఉన్నాడు. పోయిన ఏడు అత్తగారు సానియే అతని ఇంట్లోనే ఉండాల్సింది. ఆవిడ చెయ్యి ఊరుకోదు, ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతూనే ఉంటుంది. బహత్తిన్ టీవీకి లేసు అల్లి పైన కప్పింది. అది సగం తెర దాకా వేలాడింది. ఫుట్‌బాల్ ఆటలో ఒక గోలు ఆ లేసు వెనకాల పడిపోయింది. బహత్తిన్ నోరెత్తకుండా లేసు పైకి మడిచాడు. అంతే. ఆవిడ భోజనం మధ్యలో లేచి, మూట కట్టుకుని, బక్లావా మిఠాయి పళ్ళెం చంకన పెట్టుకుని ఫెయ్యాజ్ ఇంటికి వచ్చేసింది.

అది చూసి ఫెయ్యాజ్ నేర్చుకున్నాడు. ఆయన ఇంట్లో ఫ్రిజ్జుకి లేసు, ఫోనుకి లేసు, రిమోట్‌కి లేసు. ఒక్కదాన్నీ ముట్టుకోడు. చానెల్ మార్చాలంటే లేసు మీద నుంచే తడిమి నొక్కుతాడు. ఒక్కోసారి అనుకోని చానెల్ వస్తుంది. అదే చూస్తాడు.

ఈ ఏడు బహత్తిన్‌కి బుద్ధొచ్చింది. ఆ లేసుని ఇస్త్రీ చేయించి, టీవీ మీద పరిచి, ఫొటో తీసి పంపాడు. సానియే ఆ ఫొటోని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. "స్నానం చేసొచ్చి చెబుతా, ఎక్కడుంటానో" అని బాత్రూంలోకి వెళ్ళింది.

నెత్తికి సబ్బు పట్టించుకుందో లేదో, వంటింటి పక్క అద్దాలు బిగించిన బాల్కనీలో బాయిలర్ ఆగిపోయింది.

"అల్లుడూ," అని తలుపు వెనక నుంచి గొంతు వచ్చింది. "నీళ్ళు మంచుముద్దలయ్యాయి."

"చూస్తున్నానమ్మా."

బాయిలర్ అద్దంలో 'ఎఫ్ ఏడు' అని లోపం గుర్తు మెరుస్తోంది. ఫెయ్యాజ్ బిస్మిల్లా అనుకుని రీసెట్ మీట నొక్కాడు. లోపల ఫ్యాన్ గుర్రుమంది. కాసేపు ఆలోచించింది. మళ్ళీ ఎఫ్ ఏడు.

"ప్లగ్గు తీసి పెట్టు," అంది నూర్జిహాన్.

తీసి పెట్టాడు. ఎఫ్ ఏడు.

"గ్యాస్ వస్తోందా?"

పొయ్యి వెలిగించి చూశాడు. నీలం మంట నిలువునా లేచింది. గ్యాస్ ఉంది. నీళ్ళ ఒత్తిడి ముల్లు చూశాడు. ఉండాల్సిన చోటే ఉంది.

"అల్లుడూ," అంది గొంతు. "నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. తెరిస్తే సబ్బు. మూస్తే పెద్దల్లుడి ఇల్లు కనిపిస్తోంది."

ఫెయ్యాజ్ తలప్రాణం తోకకొచ్చింది. రిఫ్కీ మేస్త్రీకి ఫోన్ చేశాడు. మేస్త్రీ చాయ్ అంగట్లో ఉన్నాడు. ఆ ఊరి అలవాటు ప్రకారం చాయ్‌లోకి బుగ్గన చక్కెర గడ్డ ఉంది గనక మాట కొంచెం ముద్దగా వచ్చింది.

"ఫ్యాన్ తిరుగుతోందా, అన్నా?"

"తిరుగుతోంది."

"మంట అంటుకోకుండానే ఆగిపోతోందా?"

"ఆగిపోతోంది."

"అయితే దానికి ఊపిరాడ్డం లేదు. పొగగొట్టం బయటి మూతి చూడు. మంచు పట్టిందో, పావురం కూర్చుందో. అది చూడకుండా మీట మళ్ళీ మళ్ళీ నొక్కకు. గ్యాస్‌తో చెలగాటం వద్దు. ఈ ఆట ముగించి వస్తున్నా."

ఫెయ్యాజ్ బాల్కనీ కిటికీ తెరిచాడు. చలి వచ్చి చెంప మీద కొట్టింది. నడుం దాకా బయటికి వంగాడు. నూర్జిహాన్ వెనక నుంచి బెల్టు పట్టుకుంది.

పొగగొట్టం మేజోడు వేసుకుని ఉంది.

ఎర్రచారా, పచ్చచారా, కొసకి ఉన్ని కుచ్చు. గొట్టం కొలతకి ఎక్కడా ముడత లేకుండా సరిపోయింది. లోపలి ఆవిరికి బాగా తడిసి, బయటి చలికి బిగుసుకుని రాయి అయిపోయింది.

"ఏముంది?" అంది నూర్జిహాన్.

"మీ అమ్మ."

"మా అమ్మ బాత్రూంలో ఉంది కదా."

"ఆవిడ చేతిపని ఇక్కడుంది."

నూర్జిహాన్ కూడా వంగి చూసింది. వెనక్కి వచ్చింది. "పొద్దున అమ్మ అంది, పాపం ముక్కు బయటపెట్టుకుని కారుస్తూ నిలబడ్డం చూళ్ళేకపోతున్నా, ఏదైనా అల్లాలి అని. నేను నీ గురించనుకున్నా."

ఇప్పుడేం చెయ్యాలి? మేజోడు తీస్తే బహత్తిన్‌కి పట్టిన గతే పడుతుంది. తియ్యకపోతే సబ్బు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో అత్తగారు.

"అల్లుడూ, సబ్బు ఎండిపోతోంది," అంది మధ్యలో ఉన్నావిడ.

ఫెయ్యాజ్ మేజోడు పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకా వంగి రెండు చేతులతో లాగాడు. పట్‌మని ఊడొచ్చింది. దాచడానికి చోటు కనబడక చొక్కాలో దోపుకున్నాడు. కడుపు మీద ఐసు దిమ్మ పెట్టినట్టయింది. అలాగే వెళ్ళి మీట నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది, టిక్కుటిక్కుమంది, భగ్గున అంటుకుంది. బాత్రూంలోంచి ఒక పెద్ద నిట్టూర్పు వినబడింది.

సానియే తలకి తువ్వాలు చుట్టుకుని, బుగ్గలు ఎర్రగా చేసుకుని వచ్చి కూర్చుంది. నూర్జిహాన్ చాయ్ పోసింది. ఫెయ్యాజ్ చొక్కాలో మంచు కరగడం మొదలైంది.

"ఎందుకలా మెలికలు తిరుగుతున్నావు?"

"కడుపులో కొంచెం చల్లగా ఉందమ్మా."

"ఏం పెట్టావే పొద్దున?" అంది కూతురితో.

నూర్జిహాన్ తలొంచుకుంది. ఆ నింద అలవాటే గనక నొప్పి కలగలేదు.

ఇంతలో రిఫ్కీ మేస్త్రీ వచ్చాడు. బూట్లు విప్పి, తిన్నగా బాల్కనీకి వెళ్ళి, కిటికీలోంచి వంగి చూశాడు. తిరిగొచ్చినప్పుడు వేళ్ళ మధ్య ఎర్రటి ఉన్ని పోగు ఉంది.

"ఏ గాడిద తొడిగింది గొట్టానికి ఉన్ని?"

సానియే చేతిలో చాయ్ గ్లాసు గాల్లోనే ఆగింది. నూర్జిహాన్ ఫ్రిజ్జు మీది లేసు కేసి చూస్తూ ఉండిపోయింది. ఫెయ్యాజ్ చొక్కా లోపలి తడిని అదుముకున్నాడు.

"ఆ గాడిదని నేనే," అన్నాడు.

అని చొక్కాలోంచి మేజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అది నీళ్ళు కారుస్తూ కూర్చుంది.

మేస్త్రీ తిట్టడం మొదలుపెట్టాడు. "అది దాని ముక్కు. నీ ముక్కుకి మేజోడు తొడిగితే ఎంతసేపుంటావు? బాయిలర్‌కి నీకన్నా బుద్ధి ఉంది గనక ఆగిపోయింది. ఆగకపోతే ఆ పొగ ఇంట్లోకి తన్ని, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయేవాళ్ళు. గొట్టం మీద ఏదీ పెట్టకూడదు. మేజోడు కాదు, జేబురుమాలు కూడా."

"పెట్టను."

"అసలెందుకు పెట్టావు?"

ఫెయ్యాజ్ ఆలోచించాడు. "చలికి వణుకుతున్నట్టు అనిపించింది."

"గొట్టమా?"

"గొట్టమే."

మేస్త్రీ నూర్జిహాన్ వైపు జాలిగా తిరిగాడు. "ఎప్పట్నించి ఇలా, వదినా?"

"పెళ్ళయినప్పట్నించీ," అంది నూర్జిహాన్.

సానియే గ్లాసు దించింది. అల్లుణ్ణి చాలాసేపు చూసింది. మేజోడుని చూసింది. మళ్ళీ అల్లుణ్ణి చూసింది. ఫెయ్యాజ్ ఆవిడ మూట ఏ మూలనుందో ఓరకంట వెతుక్కున్నాడు.

"మేస్త్రీ," అంది చివరికి. "చాల్లేదు. ఇంకోసారి తిట్టు. ఈసారి నాకూ బాగా వినబడేట్టు తిట్టు."

మేస్త్రీ మొదట్నుంచీ మళ్ళీ తిట్టాడు. ముక్కు సంగతి, పొగ సంగతి, జేబురుమాలు సంగతి, అన్నీ. ఆవిడ ఒక్కో మాటకీ తలూపుతూ, "విన్నావా అల్లుడూ, విన్నావా" అంటూ కూర్చుంది. అయ్యాక చక్కెర గడ్డ బుగ్గన పెట్టుకుని, ఏమీ పట్టనట్టు అడిగింది.

"అది సరే, పనితనం ఎలా ఉంది?"

మేస్త్రీ మేజోడు పిండి, వెలుతురులో పెట్టి చూశాడు. "పనితనానికి వంక లేదమ్మా. ఒక్క అల్లిక కూడా వదులు లేదు. అందుకే గాలి ఆడలేదు."

ఆవిడ మొహం విప్పారింది. లేసు కింద నుంచి ఫోను తీసి పెద్ద కూతురికి చేసింది.

"నేను రాలేనే ఈ ఏడు. ... లేసు బాగుంది, చూశాను. అలాగే వేలాడనీ. ... అది కాదే, ఇక్కడ వీళ్ళని ఒంటరిగా వదిలితే వసంతం దాకా బతకరు. అల్లుడు మంచివాడే. బుర్రే కాస్త తక్కువ, అంతే. పొగగొట్టానికి మేజోడు తొడిగాడే. ... అబద్ధమెందుకు చెబుతాను, మేస్త్రీ ఇక్కడే ఉన్నాడు."

ఫోనులోంచి బహత్తిన్ నవ్వు గదంతా వినబడింది. ఆగేట్టు లేదు. ఆ నవ్వు రేపటికి బంధువులందరికీ చేరుతుంది, పెళ్ళిళ్ళలో, బారసాలల్లో తిరిగి తిరిగి ఫెయ్యాజ్ దగ్గరికే వస్తుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు.

సానియే ఫోను పెట్టేసి గౌను చేతులు పైకి మడుచుకుంది. "పిండి డబ్బా ఎక్కడుంది? మేస్త్రీ, కూర్చో, జున్ను కూరిన బొరెక్ కాలుస్తా, తినిపో."

ఫెయ్యాజ్ అప్పటికే డబ్బా తెచ్చి, మూత తీసి, ఆవిడ ముందు పెట్టి నిలబడ్డాడు.