సబ్బు ఖర్చులో కలపని గిన్నె

నేను ఒక సత్తుగిన్నెను. జనం సిల్వరు గిన్నె అని కూడా అంటారు గానీ వెండికీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. గుండ్రటి రేకును మరమీద తిప్పి, నొక్కి, ఒక్కరోజులో నాలాంటివాటిని వందలకొద్దీ తీశారు. పనివాడు నన్ను వేలితో ఓసారి కొట్టి, మోత విని, పక్కన పెట్టాడు. అంతే నా పురుడు.

గుంటూరు వైపు ఒక ఉరుసులో షాహిదా నన్ను కొనుక్కుంది. అప్పటికి ఆమెకు పెళ్ళయి నెల. భర్త కరీముల్లా రోడ్డు రోలరు నడుపుతాడు. రోడ్డు ఎక్కడ వేస్తుంటే అక్కడే కాపురం. నాలుగేళ్ళలో ఐదు ఊళ్ళు తిరిగాం. ఏ ఊరు వెళ్ళినా మూటలోంచి మొదట బయటికి తీసేది నన్నే. అన్నం అడుగంటితే గరిటెతో గీకేది కాదు, నీళ్ళు పోసి నానబెట్టేది. అంత ఓపికగా నన్ను చూసినవాళ్ళు మళ్ళీ లేరు.

ఐదో ఊరు అంబాజీపేట. రెండు వాటాల ఇల్లు, ఒకటే పెరడు. పక్కవాటాలో సుభాషిణి ఉండేది. ఆమె భర్త ధర్మారావు బడి వ్యాను నడుపుతాడు. ఈ ఆడవాళ్ళిద్దరికీ ఎంత స్నేహం కుదిరిందంటే, నేను ఏ పొయ్యిమీద ఉన్నానో నాకే తెలిసేది కాదు.

షాహిదా ఒక టిఫిను హోటల్లో అంట్లు తోమడానికి కుదిరింది. అక్కడి సోడాపొడికి రెండు నెలల్లో వేళ్ళ సందులన్నీ పగిలిపోయాయి. ఓరోజు సుభాషిణి చూసి అడిగింది.

“చెంచాతో తింటున్నావేం, షాహిదా?”

“కారం మండుతోందక్కా. నాలుగు రోజుల్లో తగ్గిపోద్దిలే.”

తగ్గలేదు. నన్ను దించేటప్పుడు వేళ్ళు మడవలేక అరచేతులతో పట్టుకోవడం నాకు తెలుసు. సుభాషిణికీ తెలిసింది. “మంచి సబ్బు మనమే చేద్దాం. చవగ్గా కుదిరితే అమ్ముదాం కూడా. నిన్ను ఆ హోటలు మాన్పిస్తాను చూడు” అంది. ఫోనులో వీడియోలు చూసి మూడు పద్ధతులు పట్టుకుంది. మూడూ చేసి, ఏది చవకో తేలుద్దామని ఇద్దరూ పందెం వేసుకున్నంత హుషారుగా దిగారు.

మొదటిది కొనుక్కొచ్చిన సబ్బుగడ్డను కరిగించి అచ్చుల్లో పోయడం. నాలో నీళ్ళు మరిగించి, పైన ఇంకో గిన్నె పెట్టి కరిగించారు. అరగంటలో పని అయిపోయింది. సబ్బులు గాజులా మెరిశాయి. కానీ ఒక్కోటీ ముప్పై రూపాయలు పడింది. “ఆ డబ్బుకి కొట్లో రంగుకాగితంతో సహా ఇస్తారక్కా” అని షాహిదా నవ్వింది.

రెండోది కొబ్బరినూనె, కాస్టిక్ సోడా కలిపి పొయ్యిమీద ఉడికించేది. కొబ్బరితోటల అంబాజీపేటలో నూనెకేం కొదవ? ఆ ఉడికించే గిన్నెగా నన్ను ఎంచుకున్నారు. ఆ సోడాకు నాలాంటివాళ్ళంటే పడదని వీడియోలో చెప్పే ఉంటారు, వీళ్ళు ఆ ముక్క దాటేసి ఉంటారు. సోడానీళ్ళు తగలగానే నా ఒళ్ళంతా బుసబుసా పొంగింది, ఘాటైన ఆవిరి లేచింది, నల్లబడిపోయాను. సుభాషిణి కెవ్వుమంది. షాహిదా ఆమెను వెనక్కి లాగి, గుడ్డతో నన్ను పట్టుకుని పెరట్లో కుమ్మరించింది.

కడిగి చూస్తే అడుగంతా గుంటలు, రెండుచోట్ల చిల్లులు.

“నీ అన్నం గిన్నె పాడుచేశానే” అని సుభాషిణి ఏడవబోయింది.

“పోతే గిన్నే కదక్కా. నీ చెయ్యి కాలలేదు, అది చాలు.”

ఆమె అన్నది నిజమే. అయినా ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

తర్వాత స్టీలు గిన్నెలో ఉడికించారు. గ్యాసుతో కలిపి సబ్బుకు ఇరవై పడింది. మూడోది అవే పొయ్యి లేకుండా కలిపి, అచ్చులో పోసి, ముక్కలు కోసి ఆరబెట్టడం. పగిలిన చేతులకు మెత్తగా ఉండాలని నూనె కాస్త మిగిలేలా కలిపారు. పదిహేడే పడింది. కానీ ఆరు వారాలు ఆరాలి. సుభాషిణి మూడు ఖర్చులూ పైకి చదివి మూడోదే ఖాయం చేసింది. ఆ ఖర్చుల్లో నేను లేను. మనుషుల లెక్కలు అలాగే ఉంటాయి.

సబ్బులు అటకమీద ఆరుతుండగా మూడోవారంలో కరీముల్లాకు ఫోనొచ్చింది. పని పొదిలి దగ్గరికి మారింది. రెండ్రోజుల్లో బయల్దేరారు. షాహిదా పెరట్లోకి వచ్చి, నన్ను తిప్పి చూసి, తిరిగి గోడవారన పెట్టింది. “సబ్బులు ఆరాక చెప్పక్కా” అంటూ సుభాషిణిని పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆటో కదిలింది. మూటలో నేను లేని మొదటి ప్రయాణం అది.

మొదట్లో రోజూ ఫోను. తర్వాత రెండు మూడు రోజులకోసారి. పాత ఇనుము బండి వచ్చినప్పుడల్లా ధర్మారావు నన్ను తీసి ఇవ్వబోయేవాడు. “ఉండనీయండి, వాళ్ళది” అనేది సుభాషిణి. ఆయన మళ్ళీ గోడవారన పెట్టేవాడు. పక్కవాటాలోకి వేరేవాళ్ళు వచ్చారు. పొద్దున్నే ఆ తలుపు చప్పుడైతే సుభాషిణి తల తిప్పి చూసేది, మళ్ళీ తన పనిలో పడేది. ఆ కాసేపు మా ఇద్దరి చూపూ ఒకవైపే ఉండేది.

ఆరు వారాలయ్యాక ఎనిమిది సబ్బులు కాగితంలో చుట్టుకుని ఆమె పొదిలి బస్సెక్కింది. మర్నాడు సాయంత్రం వచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ మొగుడితో చెప్పింది.

“అక్కడ హోటలు పని జోలికే పోలేదండీ. ఇంట్లో కుట్టుపని చేస్తోంది. చేతులు వాటంతటవే మానిపోయాయి. అద్దంలా ఉన్నాయి.”

“మరి సబ్బులో?”

“వాసన చూసి తెగ మెచ్చుకుంది. నాలుగుంచుకుని నాలుగు తిరిగిచ్చేసింది, నీకు పనికొస్తాయక్కా అని. చేత్తో కలిపి పెట్టింది అన్నం. పక్కింటి పిల్లని పరిచయం చేసింది, ఇక్కడి అందర్నీ అడిగింది.” నావైపు చూసింది. “దీన్ని మాత్రం అడగలేదు.”

మరుసటి వారం బండి వచ్చింది. ఆమె తనే నన్ను తెచ్చి తక్కెడలో పెట్టింది. బండివాడు నన్ను తిప్పి చూశాడు. “ఇన్నాళ్ళు దాచారేంటమ్మా ఇది?”

“మావాళ్ళది. అడుగుతారేమో అనుకున్నాను.”

ఇప్పుడు బండివాడి కొట్టు వెనక పాతసామాన్ల కుప్పలో ఉన్నాను. రేపో మాపో కరిగిస్తారు, మళ్ళీ రేకు చేస్తారు. ఎవరి పొయ్యిమీదికి వెళతానో తెలియదు. షాహిదా అడగలేదన్న మాట మొదట బాధించింది. ఇప్పుడు అంతగా లేదు. ఆమె చేత్తో అన్నం కలుపుతోంది. మంట లేకుండా. ఆ అన్నం ఏ గిన్నెలో వండిందో తెలుసుకోవాలని మాత్రం ఉంది.